ఉద్యోగం మానేసి అక్షరాలు రాసుకుంటూ బతకొచ్చా? బతకొచ్చు, బయానా అడగడం వస్తే

అక్కా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. మిగతా వాళ్ళకీ అర్థమయ్యేలా నీ సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్తాను. కాకినాడ అమ్మాయివి. హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో నాలుగేళ్ళుగా డిజైనర్‌గా చేస్తున్నావు, జీతం 32 వేలు. రాత్రిళ్ళు తెలుగు అక్షరాలు చేత్తో రాసి లోగోలు, పుస్తకాల ముఖచిత్రాలు చేస్తున్నావు. నెలకి రెండు మూడు పనులు వస్తున్నాయి. ఇదే బతుకుతెరువు చేసుకోవాలని ఉంది. రేటు ఎంత చెప్పాలి, పని ఎక్కణ్ణుంచి వస్తుంది, జీఎస్టీ కావాలా, ఇంట్లో ఎలా ఒప్పించాలి అన్నవి నీ ప్రశ్నలు. చివర్లో ఇంకోటి కూడా రాశావు, ఒక ప్రచురణకర్త మార్చిలో చేసిన ముఖచిత్రానికి 4 వేలు ఇంకా ఇవ్వలేదని. దాని దగ్గరికి ఆఖర్న వస్తాను.

నేను విజయవాడలో 2011 నుంచి ఇదే పనిలో ఉన్నాను. పుస్తకాల అట్టలు, దుకాణాల బోర్డుల మీద అక్షరాలు, పచ్చళ్ళ సీసాల లేబుళ్ళు, శుభలేఖలు. మొదటి మూడేళ్ళు అందరూ నా పని మెచ్చుకునేవాళ్ళు, నెలాఖరుకి ఇంటద్దె మాత్రం మా ఆయన జీతంలోంచే వెళ్ళేది. నాలుగో ఏడు నుంచి డబ్బు కనపడటం మొదలైంది. నా చేతిరాత ఏమీ అమాంతం మారిపోలేదు. పని ఒప్పుకునే ముందు కూర్చుని మాట్లాడే పది నిమిషాలు మారాయి. నీకు చెప్పేదంతా ఆ పది నిమిషాల చుట్టూనే తిరుగుతుంది, విసుక్కోకు.

మనలో డబ్బు మాట ముందు ఎత్తడం మర్యాద కాదనుకుంటాం. "ముందు డిజైన్ చూపించమ్మా, డబ్బుదేముంది" అని వాళ్ళంటారు. "అయ్యో పర్లేదండీ, మీకు తోచినంత ఇవ్వండి" అని మనమంటాం. ఆ "తోచినంత" నోరుజారిందంటే ఇక అంతే, వాళ్ళకి ఎప్పుడూ తోచదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు చెప్పిన సామెత నీకూ తెలిసే ఉంటుంది, ఇక్కడ రాయలేను. పెళ్ళి వంటవాళ్ళని చూడు. బయానా చేతిలో పడకుండా సరుకుల చీటీ కూడా రాయరు. సన్నాయి వాళ్ళు బయానా లేనిదే తేదీ రాసుకోరు. వాళ్ళని ఎవరైనా డబ్బు మనుషులని అంటారా? అనరు, అది పద్ధతి అంటారు. మనం కంప్యూటర్ ముందు కూర్చుంటాం కాబట్టి ఆ పద్ధతి మనకి వర్తించదని ఎవరో ఎప్పుడో అనుకున్నారు. ఫ్లెక్స్ షాపుల్లో "డిజైన్ ఫ్రీ, చదరపు అడుగుకి ఇంత" అని బోర్డు పెట్టేవరకు వచ్చింది. మన ఊళ్ళలో జనానికి డిజైన్ ఫ్రీ అన్న భావన అక్కణ్ణుంచే పట్టుకుంది. వాళ్ళు డిజైన్ ఖర్చు ఫ్లెక్స్‌లో లాగేస్తారు, మనకి ఫ్లెక్స్ లేదు. కొత్తవాళ్ళు వచ్చి "బయట ఫ్రీగా చేస్తున్నారుగా" అంటే నేను కోప్పడను, ఈ ముక్కే నవ్వుతూ చెప్తాను. సగం మంది అర్థం చేసుకుంటారు. మిగతా సగం ఫ్లెక్స్ షాపుకి వెళ్తారు, వెళ్ళనీ.

ఆ పది నిమిషాల్లో నేను అడిగేవి ఇవి. ఏం కావాలి, ఎన్ని కావాలి, ఎప్పటికి కావాలి అన్నవి ఎలాగూ అడుగుతాం. అందరూ మర్చిపోయేది ఇంకోటి ఉంది, "ఫైనల్ చేసేది ఎవరండీ?"

ఇది నేర్చుకోవడానికి నాకు ఒక స్వీట్ల దుకాణం పట్టింది. పెద్దాయన ఎదురుగా కూర్చుని పూతరేకుల డబ్బా డిజైన్ చూసి "అద్భుతంగా ఉందమ్మా" అన్నారు. ప్రెస్‌కి పంపుదామనుకునేలోపు డల్లాస్‌లో ఉన్న అల్లుడుగారికి వాట్సాప్‌లో వెళ్ళింది. ఆయనకి ఆకుపచ్చ నచ్చలేదు. మార్చాను. ఆయన భార్యకి కుంకుమరంగు మరీ పూజసామాన్ల డబ్బాలా అనిపించింది. మార్చాను. ఆరోసారి మార్చాక పెద్దాయనే ఫోన్ చేసి "మొదటిదే బాగుందమ్మా, అదే వేసేద్దాం" అన్నారు. మూడు వారాలు, ఒక డిజైన్ డబ్బు. తప్పు ఆయనది కాదు, నేను అడగలేదు. ఇప్పుడైతే మొదటి రోజే అడుగుతాను. అల్లుడుగారు ఉంటే అల్లుడుగారినీ ఫోన్లో కలిపి మాట్లాడతాను. రెండు విడతల కరెక్షన్లు రేటులోనే ఉంటాయి, మూడో విడత నుంచి విడతకి ఇంత అని అప్పుడే చెప్తాను. ఇలా చెప్పిన తర్వాత మూడో విడత దాకా వచ్చినవాళ్ళు చాలా తక్కువ. డబ్బు పడుతుందని తెలిస్తే ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని చూసి ఒకేసారి చెప్తారు.

మ్యాటర్ ఎవరు ఇస్తారు అన్నది ఇంకోటి. టైప్ చేసి ఇస్తారా, చేత్తో రాసిన కాగితం ఫొటో తీసి పంపుతారా, లేక "మీరే ఏదో ఒకటి రాసెయ్యండి" అంటారా? మూడింటికీ మూడు రేట్లు. అచ్చుతప్పులు చూసే బాధ్యత ఎవరిదో కూడా అక్కడే తేలాలి.

మాట్లాడటం అయ్యాక ఫోన్ పెట్టేసి వెంటనే ఒక మెసేజ్ పంపుతాను. అగ్రిమెంట్ అనే మాట వాడను. ఆ మాట వినగానే మనవాళ్ళు కోర్టు గుర్తొచ్చి బిగుసుకుపోతారు. ఇలా రాస్తాను: "నమస్తే అండీ. ఇవ్వాళ మనం అనుకున్నవి: మామిడికాయ ఆవకాయ, గోంగూర, రెండు లేబుళ్ళు. మ్యాటర్ మీరు సోమవారంలోగా పంపుతారు. నేను శనివారానికి ఒక్కోదానికి రెండు నమూనాలు చూపిస్తాను. రెండు విడతల కరెక్షన్లు కలిపి మొత్తం 14,000. బయానా 7,000 అందిన రోజు పని మొదలు. మిగతాది అందాక ప్రింటింగ్ ఫైల్ ఇస్తాను. ఏమైనా మార్చాలంటే చెప్పండి, లేదంటే ఓకే అని పెట్టండి." వాళ్ళు ఓకే అంటారు. ఆ ఒక్క ఓకే నాకు ఎన్నిసార్లు పనికొచ్చిందో లెక్కలేదు. గొడవ పడటానికి కాదు, చాలాసార్లు అవతలివాళ్ళు నిజంగానే మర్చిపోతారు. పైకి జరిపి చూపిస్తే "అవునమ్మా, అనుకున్నాం" అని పంపేస్తారు.

ఇంకో ఓకే ఉంది, దాన్ని నేను 1,000 కాపీల దెబ్బతో నేర్చుకున్నాను. ఒక కథల సంపుటి అట్ట. నా కంప్యూటర్‌లో అన్నీ బాగున్నాయి. అక్షరాల్ని కర్వ్స్ చేయకుండా, అంటే ఫాంట్ లేని చోట కూడా మారని గీతలుగా మార్చకుండా, ఫైల్ పంపాను. ప్రెస్ వాళ్ళ కోరెల్‌డ్రాలో తెరుచుకునేసరికి ఫాంట్ మారింది, పుస్తకం పేరులో ఉన్న "స్త్రీ" విడిపోయి స, త, ర ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. వాళ్ళు చూసుకోలేదు, రచయిత చూసుకోలేదు, అట్టలు అచ్చయిపోయాయి. ఎవరు కట్టాలి? మాటామాటా అనుకుని చివరికి సగం నేను కట్టాను. అప్పటి నుంచి రెండు నియమాలు. బయటికి పోయే ప్రతి ఫైల్‌లో అక్షరాలు కర్వ్స్ అయి ఉండాలి. పైగా అచ్చుకి వెళ్ళే ముందు ఆఖరి పీడీఎఫ్ పంపి "ప్రతి అక్షరం చదివాను, అచ్చుకి ఓకే" అని రాయించుకోవాలి. ఆ మాట వాళ్ళ చేత రాయిస్తే, నిజంగానే చదువుతారు. ఒకసారి ఒక పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పు అలాగే దొరికింది.

ఫాంట్ల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. డీటీపీ సెంటర్ల నుంచి మ్యాటర్ వస్తే ఇప్పటికీ చాలావరకు అనూ ఫాంట్లలోనే వస్తుంది. అది యూనికోడ్ కాదు, అంటే ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే పద్ధతి కాదు, ఆ ఫాంట్ లేని చోట పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. దాన్ని మార్చడానికి పట్టే సమయం రేటులో వేసుకో. యూనికోడ్‌లో అయితే రామభద్ర, మండలి, మల్లన్న, గిడుగు, సూరన్న, బాలూ తమ్ముడు, తిరో తెలుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. వ్యాపార పనులకి కూడా నిక్షేపంగా వాడుకోవచ్చు, ఫాంట్‌నే విడిగా అమ్మకూడదు అంతే. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి, అది ఏజెన్సీలో నేర్చుకునే ఉంటావు. ఎవరో పంపిన పైరసీ ఫాంట్లతో లోగో మాత్రం చేయొద్దు. ఆ లోగో పెద్ద బ్రాండ్ అయిన రోజున ఫాంట్ తాలూకు మనిషి అడగటానికి వస్తాడు. సంజాయిషీ నువ్వే చెప్పుకోవాలి.

ఇప్పుడు రేటు. "అట్టకి ఎంత తీసుకోవాలి" అని అడిగావు. దానికి జవాబు అట్ట దగ్గర దొరకదు, నీ ఇంటి ఖర్చు దగ్గర దొరుకుతుంది. ఉదాహరణకి నీకు ఇంటికి నెలకి 35 వేలు కావాలనుకుందాం. సాఫ్ట్‌వేర్ చందాలు, నెట్, కరెంటు, నాలుగేళ్ళకోసారి మార్చాల్సిన కంప్యూటర్ కోసం పక్కన పెట్టేది కలిపి 8 వేలు. 43 వేలు, ఏడాదికి 5,16,000. ఆరోగ్య బీమా, అత్యవసరానికి కొంత వేసుకుంటే 6 లక్షలు. ఇప్పుడు పని రోజులు. నెలకి 25 రోజులు అనుకోకు. ఫోన్లు, ప్రెస్ చుట్టూ తిరగడం, డబ్బు అడగడం, రేట్ చెప్పి రాని పనులు, వీటికే సగం రోజులు పోతాయి. పైగా ఏడాదిలో రెండు నెలలు ఈగలు తోలుకుంటాం. నెలకి 12 రోజులు, పది నెలలు, అంటే డబ్బొచ్చే రోజులు 120. 6 లక్షల్ని 120తో భాగిస్తే రోజుకి 5 వేలు. నువ్వు అట్టకి రోజున్నర పెడితే అది 7,500 పని.

"తెలుగు పుస్తకానికి ఎవరిస్తారక్కా 7,500?" అంటావు. చాలామంది ఇవ్వరు. ఇవ్వలేరు కూడా. సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకుని సగం స్నేహితులకి పంచే రచయితని నేనూ అడగలేను. అందుకే ముఖచిత్రాల మీద బతకాలనుకోవద్దు. అట్టలు నాకు పేరు తెచ్చాయి, అన్నం వేరే చోటి నుంచి వచ్చింది. నెలకి రెండు అట్టలు ఇష్టంగా, తక్కువకి చేస్తాను, ఎవరివి చేయాలో నేనే ఎంచుకుంటాను. వాటిలో నచ్చినట్టు ప్రయోగాలు చేసుకునే స్వేచ్ఛ ఒప్పందంలో భాగం. డబ్బు తక్కువ, కరెక్షన్లు కూడా ఒక్క విడతే. తక్కువ డబ్బు, ఎక్కువ పెత్తనం రెండూ కలిసిన చోట ఉండకు.

మరి అన్నం ఎక్కడ? నా విషయంలో లేబుళ్ళలో. పచ్చళ్ళు, పొడులు, నెయ్యి, బెల్లం, గానుగ నూనె, మిల్లెట్ బిస్కెట్లు. మన రెండు రాష్ట్రాల్లో ఇంట్లో మొదలుపెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడు. మొదట మామూలు స్టిక్కర్‌తో మొదలుపెడతారు. సూపర్‌మార్కెట్‌లో పెట్టాలనో, అమెరికాకి పంపాలనో అనుకున్న రోజు వాళ్ళకి మనం కావాలి. అందమైన డిజైన్ ఇచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. లేబుల్ మీద చట్టప్రకారం ఏముండాలో తెలిసిన డిజైనర్లు తక్కువ. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, నికర బరువు, పదార్థాల పట్టిక, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, అన్ని పన్నులూ కలిపి ఎమ్మార్పీ, తయారుచేసినవాళ్ళ చిరునామా, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు. శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. మాంసాహారానికి ఇప్పుడు చుక్క కాదు, గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రిభుజం. 2020 లేబులింగ్ నిబంధనలతో మారింది. గోంగూర మటన్ పచ్చడికి పాత గోధుమరంగు చుక్కే పెట్టి 5 వేల లేబుళ్ళు అచ్చేసుకున్న ఒకావిడ నా దగ్గరికి ఏడుపు ముఖంతో వచ్చింది. అది సరిచేసి ఇచ్చాను. ఆవిడ ద్వారా తర్వాత నాకు నలుగురు వచ్చారు. నువ్వు న్యాయవాదివి కానక్కర్లేదు, కానీ ఇవి తెలిసి ఉంటే అవతలివాళ్ళు నిన్ను బొమ్మలమ్మాయిగా చూడరు. అప్పుడు రోజుకి 5 వేలు చెప్పడానికి నోరు వణకదు.

నీది లేబుళ్ళే కావాలని లేదు. హైదరాబాద్‌లో ఉన్నావు, అక్కడ హోటళ్ళు, టిఫిన్ సెంటర్లు తెలుగు అక్షరాల బోర్డులు మళ్ళీ అడుగుతున్నాయి. యూట్యూబ్ ఛానెళ్ళు ఉన్నాయి, చిన్న సినిమాల టైటిళ్ళు ఉన్నాయి. సినిమా పని గురించి ఒక్కటే మాట: టైటిల్ పోస్టర్ బయటికి వచ్చే ముందే పూర్తి డబ్బు. ఎన్నికల పనికీ అంతే. ఫలితాలొచ్చాక ఓడినవాడు దొరకడు, గెలిచినవాడు అసలే దొరకడు.

పని ఎక్కణ్ణుంచి వస్తుందంటే, ఇన్‌స్టాగ్రామ్ నుంచి వస్తుందని అందరూ చెప్తారు. నాకు అక్కణ్ణుంచి మెచ్చుకోళ్ళు, "అక్కా నా పేరు రాసిపెట్టవా" అనే మెసేజ్‌లు ఎక్కువ వచ్చాయి. పేజీ ఉండాలి, పని చూపించడానికి. కానీ ఒకటి ఆలోచించు, నీ దగ్గరికి రావాల్సిన మనిషి అంతకు ముందు ఎవరి దగ్గరికి వెళ్తాడు? కొత్త వ్యాపారం పెట్టేవాడు ముందు ఆడిటర్ దగ్గరికి వెళ్తాడు. పచ్చళ్ళు అమ్మాలనుకునే ఆవిడ లైసెన్స్ తీయించేవాళ్ళ దగ్గరికి వెళ్తుంది. పుస్తకం వేయాలనుకునే రచయిత ప్రెస్‌కి వెళ్తాడు. ఆడిటర్, లైసెన్స్ వాళ్ళు, ప్రెస్, ఈ మూడు చోట్లా టేబుల్ మీద నీ నమూనాల కవరు ఉండాలి. నేను విజయవాడలో రెండు ప్రెస్‌లకి, ముగ్గురు ఆడిటర్లకి దసరాకి స్వీట్లతో పాటు కొత్త నమూనాలు ఇచ్చి వస్తాను. నా పనిలో ఎక్కువ భాగం వాళ్ళ నోటి మాట మీదే నడుస్తుంది. నువ్వు ఛత్తా బజార్ ప్రెస్‌ల్లో రెండు శనివారాలు తిరిగి చూడు. శుభలేఖల కాగితాలు, ఫాయిల్, కటింగ్ ఖర్చులు ఎలా ఉంటాయో అక్కడ ఒక గంటలో అర్థమయ్యేది ఇంట్లో కూర్చుంటే ఏడాదికీ అర్థం కాదు. మొదట్లో ప్రెస్‌కి వెళ్తే "సార్ రాలేదా మేడమ్?" అని నా వెనక ఎవరో ఉన్నట్టు చూసేవాళ్ళు. 70 జీఎస్ఎమ్ మాప్‌లితో కాగితం మీద 200 పేజీలకి స్పైన్, అంటే పుస్తకం వెన్ను మందం, సెంటీమీటరు దరిదాపుల్లో వస్తుందని లెక్క చెప్పి, చుట్టూ కోతకి వదిలే 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో ఫైల్ ఇచ్చాక సార్ గురించి అడగటం మానేశారు.

హక్కుల విషయం ముఖ్యం. ఇందులో నువ్వు అనుకుంటున్నది కొంచెం తప్పు. డబ్బు తీసుకున్నాం కాబట్టి లోగో వాళ్ళదైపోయింది అని రాశావు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసినది యజమానిది. బయటి మనిషిగా చేసిన లోగోకి మొదటి హక్కుదారు చేసినవాళ్ళే, రాతపూర్వకంగా సంతకం పెట్టి ఇస్తేనే అవతలివాళ్ళకి వెళ్తుంది. ఫొటోలు, పెయింటింగులు, పోర్ట్రెయిట్‌లు డబ్బిచ్చి చేయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేనప్పుడు, చేయించుకున్నవాళ్ళవే. రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే 5 ఏళ్ళని, ప్రాంతం లేకపోతే దేశం వరకేనని చట్టం అనుకుంటుంది. ఇది బెదిరించడానికి వాడే ఆయుధం కాదు. లోగో కొన్నవాళ్ళకి అది పూర్తిగా కావాలి, ఇవ్వాలి కూడా. కానీ మిగతా డబ్బు అందాకే ఆ కాగితం ఇస్తానని మొదటి మెసేజ్‌లోనే రాయి. ఒక హోటల్ వాళ్ళు సగం డబ్బిచ్చి నా లోగోతో మూడు బ్రాంచ్‌లు తెరిచారు. రెండేళ్ళ తర్వాత ట్రేడ్‌మార్క్ కోసం వెళ్తే వాళ్ళ లాయరే ఈ కాగితం అడిగాడు. మిగతా సగం ఆ సాయంత్రమే వచ్చింది.

ఇదే చట్టం ఇంకోవైపు నీకూ వర్తిస్తుంది. నీ ఏజెన్సీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు. బయటి పనులు చేయకూడదని రాసి ఉందా? ఉంటే ఇప్పుడు రాత్రిళ్ళు చేస్తున్నది జాగ్రత్త. ఏజెన్సీలో చేసిన పనులు నీ నమూనాల్లో పెట్టుకోవాలంటే మానేసే ముందే ఈమెయిల్‌లో అనుమతి అడుగు. మంచిగా బయటికి వస్తే, మొదటి పెద్ద పని ఆ ఏజెన్సీ నుంచే రావచ్చు, నాకు అలాగే వచ్చింది.

పన్నుల గురించి భయపడేంత లేదు. సేవలకి జీఎస్టీ మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే తప్పనిసరి. బెంగళూరు కంపెనీకి చేసినా అదే లెక్క. కొన్ని పెద్ద కంపెనీలు జీఎస్టీ నంబరు లేకపోతే పని ఇవ్వమంటాయి, అలాంటివి రెండు మూడు వచ్చాక ఆలోచించు. తీసుకుంటే 18 శాతం వసూలు చేయడం, రిటర్నులు వేయడం మొదలవుతాయి, పచ్చళ్ళావిడకి ఆ 18 శాతం భారమే. కంపెనీలు ఏడాదిలో నీకిచ్చేది 50 వేలు దాటితే సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే నీ పేరు మీద పన్నుగా, ముందే పట్టుకుంటాయి. అది పోయిన డబ్బు కాదు, ఐటీ రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేదు కాబట్టి నీలాంటివాళ్ళకి అది మొత్తం వెనక్కి రావాలి. రిటర్న్ వేయకపోతే రాదు. వృత్తి కింద చూపాలా, వ్యాపారం కింద చూపాలా అన్నది ఆడిటర్‌తో తేల్చుకో. వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా తెరువు. ఫోన్‌పేలో పాలవాడి డబ్బు, బయానా కలిసిపోతే ఏడాది చివర ఆడిటర్ తిడతాడు.

చిన్న సంస్థలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి వారంలోనే చేయించు. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. వేలు అడిగే ఏజెంట్ల మాట వినకు. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థకి కొనుగోలుదారు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులకి మించకుండా డబ్బు ఇవ్వాలి. లేకపోతే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. పైగా 2023-24 నుంచి అలా ఆలస్యం చేసిన ఖర్చుని వాళ్ళు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోలేరు, నిజంగా ఇచ్చిన ఏడాదే చూపించుకోవాలి. నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. బిల్లు కింద ఉద్యమ్ నంబరు, ఆ 45 రోజుల మాట ఒక్క వరుసలో అచ్చేయిస్తాను. కంపెనీ యజమాని చదవకపోయినా వాళ్ళ అకౌంటెంట్ చదువుతాడు, మార్చి నెలలో మరీ శ్రద్ధగా చదువుతాడు.

ఏఐ గురించి అడగలేదు కానీ అడుగుతావు. కస్టమర్లు ఇప్పుడు ఏఐ బొమ్మ తెచ్చి "దీనికి అక్షరాలు పెట్టండి" అంటున్నారు. పెడుతున్నాను, అక్షరాలకి డబ్బు తీసుకుంటున్నాను. బొమ్మలు మాత్రమే వేసే స్నేహితులకి దెబ్బ తగిలింది, అది దాచి లాభం లేదు. బతికించేది లేబుల్ మీద త్రిభుజం ఎక్కడ పెట్టాలో తెలియడం, ప్రెస్‌లో నిలబడి రంగు సరిచూడటం లాంటివి. నీ చేతిరాత కూడా, అది నీదిగా ఉన్నంతవరకు.

ఎప్పుడు మానేయాలి? మన పనికి ఒక పంచాంగం ఉంది. నవంబరు, డిసెంబరు ఊపిరాడదు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, వాటికి అందాలని అన్ని పుస్తకాలూ ఒకేసారి వస్తాయి. క్యాలెండర్లు, డైరీలు కూడా అప్పుడే. మాఘం నుంచి శుభలేఖలు. శ్రావణం నుంచి దీపావళి దాకా దుకాణాల ఆఫర్లు. ఆషాఢం, మూఢం వస్తే శుభలేఖల ఫోన్ మోగదు. ఆ రోజుల్లో నేను నమూనాలు కొత్తగా చేసుకుంటాను, రాని డబ్బు వసూలు చేసుకుంటాను. నువ్వు ఆషాఢంలో ఉద్యోగం మానేయకు, మొదటి నెలే ఖాళీగా ఉందని బెంగపడతావు. సెప్టెంబరులో బయటికి రా. అప్పటికి ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. అంతకన్నా ముఖ్యం, వరసగా మూడు నెలలు రాత్రి పనుల మీద వచ్చింది జీతంలో సగం దాటాలి. చేస్తున్న రేటుకి కాదు, పైన లెక్కేసిన రేటుకి. పనులు తగ్గినా సరే, ఆ రేటుకి ఒప్పుకునే మనుషులు ఉన్నారని నీకు ముందు తెలియాలి.

ఇంట్లో "ఉద్యోగం లేదంటే సంబంధాలు ఎలా చూస్తాం" అంటున్నారని రాశావు. మా అమ్మ కూడా మొదట ఎవరడిగినా "ఇంట్లోనే ఏదో చేస్తుంది" అనేది. ఉద్యమ్ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి ముందు గదిలో పెట్టాను. నవ్వకు, పనిచేసింది. అంతకన్నా ఎక్కువ పనిచేసింది ఏంటంటే ప్రతి నెల ఒకటో తారీఖున వ్యాపారపు ఖాతాలోంచి ఇంటి ఖాతాకి ఒకే మొత్తం వేసుకోవడం. ఎక్కువొచ్చిన నెలా అంతే, తక్కువొచ్చిన నెలా అంతే. ఒకటో తారీఖున వచ్చేదాన్నే మనవాళ్ళు జీతం అంటారు. చుట్టాల శుభలేఖల సంగతి కూడా అడిగావు. ఏడాదికి రెండు ఉచితంగా చేస్తాను, ఆ రెండూ నా కానుక అని చెప్పి చేస్తాను. బిల్లు రాసి, కింద 100 శాతం తగ్గింపు అని వేసి పంపుతాను. మూడో వాళ్ళు ఆ బిల్లు చూసే వస్తారు.

ఇక ఆ ప్రచురణకర్త. మార్చి నుంచి ఎన్నిసార్లు అడిగావో రాయలేదు. ఒక్కసారి అడిగి ఊరుకుని ఉంటావని నా అనుమానం. బయానా లేదు, మెసేజ్ లేదు, ఫైల్ ఇచ్చేశావు. చట్టం దాకా వెళ్ళే మొత్తం కాదు అది, అతనికి చెడ్డ ఉద్దేశం కూడా ఉండకపోవచ్చు. కోపంగా రాయొద్దు, బతిమాలుతూ అసలే రాయొద్దు. "ఎప్పుడు వీలైతే అప్పుడు" అన్న మాట ఎక్కడా రానీయకు. రేపు పొద్దున పది గంటలకి, రాత్రి కాదు, ఇలా పంపు: "నమస్తే సార్. మార్చిలో ఇచ్చిన ముఖచిత్రం బిల్లు 4,000 మళ్ళీ జత చేస్తున్నాను. ఈ నెల 15లోగా పంపగలరా? బుక్ ఫెయిర్ పనులు తీసుకోవడం మొదలుపెట్టాను. మీ కొత్త పుస్తకాలుంటే ఇప్పుడే చెప్తే తేదీ ఉంచుతాను. ఈసారి నుంచి సగం బయానాతో మొదలుపెడుతున్నాను." 15 దాటితే 16న ఫోన్ చెయ్యి, మెసేజ్ కాదు.